పొగ జ్వరమే అనుకున్నాం

నా పేరు, మా నాన్నగారి పేరు, ఇంటి చిరునామా రైటరు గారు పైన రాసుకున్నారు. వయసు ముప్పై తొమ్మిది. వృత్తి వెల్డింగు. పదో తరగతి వరకు చదివాను. పనిచేసే చోట నన్ను అందరూ చిన్నల్లుడు అంటారు. చనిపోయిన మా తోడల్లుణ్ణి పెద్దల్లుడు అనేవారు. మా వెల్డింగు షాపు మామగారి ఇంటి ముందు షెడ్డులో ఉంది కాబట్టి ఆ పేర్లే స్థిరపడిపోయాయి. మామగారి పెద్ద కూతురు ఆయన భార్య, రెండో కూతురు నా భార్య. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. మా భార్యల తమ్ముడు, అంటే మా బావమరిది, కూడా మాతోనే పనిచేస్తాడు. అతనికి పెళ్ళయి ఏడాది కాలేదు.

ఈరోజు మంగళవారం. ఉదయం పదకొండు గంటలకు స్టేషన్లో ఎస్సై గారి గదిలో ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు. అడిగినప్పుడల్లా మంచినీళ్ళు ఇచ్చారు. నిన్న పొద్దుటి నుంచి వరండాలో బెంచీ మీద ఉన్నాను. చెప్పడం మొదలుపెట్టే ముందే ఎస్సై గారిని ఒక మాట అడిగాను. మా బావమరిది ఈ క్షణాన ఐస్ ఫ్యాక్టరీ వెనక ట్యాంకులో ఉన్నాడు, అతనికి జ్వరం, ఒక మనిషిని పంపి అతన్ని పెద్దాసుపత్రికి చేర్చండి అని. "ముందు నీ సంగతి తేలనీ, తర్వాత అతని సంగతి చూద్దాం" అన్నారు. అందుకని తొందరగా చెబుతున్నాను. ఎక్కడైనా మాట తడబడితే అది అబద్ధం వల్ల కాదు, భయం వల్ల.

ఆ ట్యాంకు నీళ్ళ ట్యాంకు. ఇనుపది, లారీ అంత పొడవు ఉంటుంది. చాలా ఏళ్ళు వాడకుండా వదిలేయడంతో సగానికి మట్టిలో కూరుకుపోయింది. అడుగున తుప్పుపట్టి చిల్లులు పడితే కింది మట్టి లోపలికి వచ్చి ఎండి గట్టిపడింది. ఎండలు ముదిరాయని ఐస్ ఫ్యాక్టరీ ఓనరు దాన్ని మళ్ళీ వాడాలనుకున్నాడు. మట్టి గీకి, తుప్పు రుద్ది, చిల్లుల మీద జింకు పూత రేకుల ముక్కలు పెట్టి వెల్డింగు చేయాలి. పని మాకిచ్చాడు. పైన ఒకే ఒక మూత ఉంది. మనిషి భుజాలు వాల్చుకుని దిగాలి. నేను, పెద్దల్లుడు, బావమరిది ముగ్గురం దిగాం. పోయిన వారం మొదటి రెండు రోజులు మట్టి గీకడంతోనే సరిపోయింది. గ్రైండరు పెడితే ఎర్రటి దుమ్ము లేచి ఒకరి ముఖం ఒకరికి కనబడేది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాం. చెమటకు గుడ్డ తడిసిపోతే తీసి పిండుకుని మళ్ళీ అదే కట్టుకున్నాం.

గొడవ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. గొడవ జరిగింది నిజమే. పోయిన మంగళవారం మధ్యాహ్నం జరిగింది. లోపలి దుమ్మూ పొగా బయటికి లాగడానికి మూతలో ఒక ఫ్యాను, దానికి లావుపాటి గొట్టం పెట్టాం. ఆ గొట్టం ఉంటే నిచ్చెన సరిగ్గా పట్టడం లేదు. పెద్దల్లుడు గొట్టం పీకి బయట పడేశాడు. పెట్టమన్నాను. "ఒరేయ్ తమ్ముడూ, పుట్టినప్పటినుంచి ఈ పొగ తింటున్నా, నాకు లేని బాధ నీకెందుకురా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పైన నిలబడి గట్టిగా అరిచాను. "నువ్వు ఈ ట్యాంకులోనే పోతావు, నీ శవాన్ని రేకు కోసి బయటికి తీయాలి" అన్నాను. టీ కొట్టు ఆవిడ విన్నది, వాచ్‌మన్ విన్నాడు, బావమరిది విన్నాడు. ముగ్గురూ మీకు సరిగ్గానే చెప్పారు. ఆ మాట నాదే. కోపంలో అన్నాను. అది జరిగిన గంటకే ఆయన నాకు తన వాటా టిఫిన్లోంచి సగం పెట్టాడు. అది మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

షాపు కోసం ఆయన్ని చంపానని మామగారు ఫిర్యాదులో రాశారట. పెద్దల్లుడు లేకపోతే షాపు నా చేతికొస్తుందని. సార్, పెద్దల్లుడు లేకపోతే ఆ షాపుకు ఎవరూ రారు. అతుకు చూడగానే ఎన్ని వెల్డింగు రాడ్లు పడతాయో చెప్పేవాడు, ఒక్కటి అటూ ఇటూ అయ్యేది కాదు. నేను చేసిన అతుకును వేలితో తడిమి "ఇదేంట్రా, పిచ్చుక గూడు కట్టావు" అనేవాడు. నేను బతికింది ఆయన చెయ్యి పట్టుకునే.

ఇప్పుడు నేను ఆయనకిచ్చిన పాల సంగతి. పాల సంగతి చెప్పాలంటే పొగ జ్వరం సంగతి చెప్పాలి. జింకు పూత రేకును వెల్డింగు చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చిన సాయంత్రం ఒళ్ళు వేడెక్కుతుంది, చలి పుడుతుంది, పళ్ళు టకటకమంటాయి, నోరంతా తీపో చేదో తెలియని ఒక రుచి. తెల్లారేసరికి ఏమీ ఉండదు. దాన్ని మేము పొగ జ్వరం అంటాం. మా పనిలో అది రాని మనిషి లేడు. పాలు తాగి దుప్పటి కప్పుకుని పడుకుంటాం. పాలు పొగను కడిగేస్తాయని మాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పాడు, ఆయనకు ఇంకెవరో చెప్పి ఉంటారు. పొగ జ్వరానికి డాక్టరు దగ్గరికి పరిగెత్తిన వెల్డరును నేను ఒక్కణ్ణే చూశాను. అతన్ని ఇప్పటికీ మేము పెళ్ళికూతురు అనే పిలుస్తాం.

బుధవారం సాయంత్రం ట్యాంకులోంచి పైకి రాగానే పెద్దల్లుడు నిచ్చెన పట్టుకుని నిలబడిపోయాడు. వణుకుతున్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. "వచ్చిందిరా మనవాడు" అన్నాడు ఆయనే. నేను టీ కొట్టుకు వెళ్ళి పాలు వేడి చేయించి, నా ఫ్లాస్కులో పోయించుకుని తెచ్చి, గ్లాసులో పోసి ఇచ్చాను. ఆ ఫ్లాస్కే మీరు సీజు చేసింది. నేను తాగలేదు. ఎందుకు తాగలేదని నిన్నటి నుంచి అడుగుతున్నారు. నాకు జ్వరం లేదు, పైగా పాలంటే చిన్నప్పటి నుంచి కడుపులో తిప్పుతుంది. "నువ్వు పుట్టగానే టీ అడిగుంటావురా" అని ఆయన ఆరోజు కూడా అన్నాడు. బావమరిది ఎదురుగానే ఉన్నాడు. అతనికి జ్వరం లేదు కాబట్టి అతనూ తాగలేదు. జరిగింది ఇంతే.

గురువారం పొద్దున ఆయనకు జ్వరం తగ్గలేదు. అక్కడ మాకు అనుమానం రావలసింది. పొగ జ్వరం తెల్లారితే పోతుంది, పోలేదంటే అది పొగ జ్వరం కాదు. ఇది తెలియని వెల్డరు ఉండడు. అయినా ముగ్గురం ఒకటే అనుకున్నాం, ఫ్యాను తీసేశాం కదా, ఎక్కువ పొగ పట్టింది, ఇంకో రోజు పడుతుందిలే అని. ఆయన పనిలోకి వచ్చాడు. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. దగ్గుతూ దగ్గుతూ వెల్డింగు అద్దం కింద పెట్టేశాడు. నేను ఇంటికి తీసుకెళ్ళాను. దారిలో బండి మీద వెనక కూర్చుని నా వీపుకు నుదురు ఆనించాడు. చొక్కా మీదుగా వేడి తగిలింది. ఆ వేడి ఇప్పటికీ వీపు మీద ఉన్నట్టే ఉంది. ఇది రాయిస్తూ కూడా నా నుదురు నేను రెండుసార్లు ముట్టుకుని చూసుకున్నాను.

శుక్రవారం తెల్లవారుజామున వదిన ఏడుస్తూ తలుపు కొట్టింది. ఆయన మంచం మీద కూర్చుని ముందుకు వంగి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. దిండు గలీబు మీద నెత్తురు. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను, బావమరిది ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. గాలి ఉన్నచోట నల్లగా కనబడాలట. ఆయనవి రెండు పక్కలా పైనుంచి కిందికి తెల్లగా ఉన్నాయి. "నిన్న పని చేశాడా ఈయన?" అని అడిగింది. చేశాడన్నాను. ఆవిడ వెంటనే నర్సును పిలిచింది. మధ్యాహ్నానికి నోట్లో గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు.

ఐసీయూ తలుపుకు చిన్న అద్దం ఉంది. అందులోంచి చూశాను. ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది. అది ఆయన పీలుస్తున్నది కాదు, మిషను పీల్పిస్తున్నది. పొగలో పుట్టి పొగలో పెరిగానని చెప్పుకునే మనిషి తనంతట తాను ఒక్క ఊపిరి తీసుకోలేకపోయాడు. నాకు అప్పుడు మొదలైన భయం ఇంకా పోలేదు.

శనివారం డాక్టరమ్మ నన్ను బయట కారిడార్లో నిలబెట్టి చాలా ప్రశ్నలు వేసింది. ఏం పని, ఎక్కడ, ట్యాంకులో ఏముంది, మట్టి ఎలాంటిది. చివరికి చెప్పింది. "మట్టిలో ఉండే ఒక క్రిమి అయ్యుంటుందని నా అనుమానం. అందరికీ ఏమీ చేయదు. ఏళ్ళ తరబడి ఇనుప పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో దొరికిందంటే ఆగదు. అది కక్కే విషం ఊపిరితిత్తుల్ని రోజుల్లో ముంచేస్తుంది." నెత్తుటి పరీక్షలో ఏదో క్రిమి పెరిగిందట. కానీ ల్యాబు వాళ్ళు అది దుమ్ములో ఉండే మామూలుదనీ, సూది గుచ్చేటప్పుడు కలిసి ఉంటుందనీ లెక్కలోకి తీసుకోలేదట. ఆవిడ ఒప్పుకోలేదు. పెద్ద ల్యాబుకు పంపించింది. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. తర్వాత నాతో అన్న మాట ఇది, ఆవిడ అన్నది అన్నట్టు చెబుతున్నాను. "ఆ ట్యాంకులో దిగిన వాళ్ళెవరికి ఒళ్ళు వెచ్చబడినా అదే గంటలో రావాలి. రేపు చూద్దాం అనుకుంటే నేను కూడా ఏమీ చేయలేను. మొదట్లోనే మందు పడితే బతికించగలను."

శనివారం సాయంత్రం ఆరు దాటాక పెద్దల్లుడు చనిపోయాడు. మంచంలో పడి నాలుగు రోజులు కాలేదు. ఆంబోతులాంటి మనిషి. డాక్టరమ్మ క్రిమి విషం అని చెప్పిన మాట మామగారి చెవిలో వట్టి విషం అని పడింది. ఎవరిచ్చారు అన్నారు. ఏం తిన్నాడు, ఏం తాగాడు అన్నారు. బావమరిది ఏడుస్తూ నిజమే చెప్పాడు, చిన్న బావ పాలు ఇచ్చాడు, తను మాత్రం తాగలేదు అని. అందరూ నా వైపు తిరిగారు. వదిన కూడా తిరిగింది. ఆదివారం పోస్టుమార్టం అయింది, అంత్యక్రియలు అయ్యాయి. నన్ను దగ్గరికి రానివ్వలేదు. గేటు బయట నిలబడ్డాను. నిన్న సోమవారం పొద్దున కానిస్టేబులు గారు వచ్చి నన్ను తీసుకొచ్చారు.

ఇంతవరకు చెప్పింది నా గురించి. ఇక నేను అసలు చెప్పాలనుకున్నది.

ఈరోజు ఎనిమిదిన్నరకు నా భార్య క్యారేజీ తెచ్చింది. బెంచీ మీద పెట్టి, నా పక్కన కూర్చోలేదు, నిలబడే ఉంది. కానిస్టేబులు గారు అక్కడే ఉన్నారు, ఆయన విన్నారు. "ఒక్కటే అడుగుతా. పిల్లల మీద ఒట్టేసి చెప్పండి. ఆ పాలల్లో ఏమైనా కలిపారా?" అంది. పన్నెండేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. కలపలేదన్నాను. ఒట్టు పెట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అలవాటుగా ఇంటి కబుర్లు చెప్పినట్టు చెప్పింది. పని మధ్యలో ఆగిపోయిందని ఐస్ ఫ్యాక్టరీ ఓనరు గోల చేస్తున్నాడట. "తమ్ముడు నిన్న ఒక్కడే వెళ్ళి దిగాడు. బావ మొదలుపెట్టిన అతుకు పరాయివాడు మూస్తే ఊరుకోనన్నాడు. సాయంత్రం వచ్చి ఒకటే వణుకు. పొగ జ్వరమట, అమ్మ పాలు కాచి ఇచ్చింది. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాడు" అంది.

నేను అరిచాను. బెంచీ మీది క్యారేజీ కింద పడింది. కానిస్టేబులు గారు నేను పారిపోతున్నాననుకుని చొక్కా పట్టుకున్నారు. నేను పారిపోవడం లేదు. తెల్లారినా తగ్గిందో లేదో అడుగుతున్నాను, అంతే. "తగ్గిందా? పొద్దున తగ్గిందా?" అని అడిగాను. "లేదు, వెళ్ళేటప్పుడు కూడా ఒళ్ళు కాలిపోతోంది" అంది. సార్, పెద్దల్లుడి గురువారం ఉదయం సరిగ్గా ఇలాగే ఉంది. అదే ట్యాంకు. అదే మట్టి. అదే మాట, ఇంకో రోజు పడుతుందిలే అన్న మాట.

నా భార్య ఫోనులోంచి అతనికి ఫోను చేశాను. ఎత్తాడు. వెనక గ్రైండరు మోత. నేనని తెలిసి ఆపాడు. "ఒరేయ్, అది పొగ జ్వరం కాదు, పైకి రా, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను. అతను దగ్గాడు. దగ్గు ఆగాక, "మా అక్క తాళి తెంపింది చాలలేదా బావా? ఇప్పుడు నా పని కూడా మానిపించాలా?" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నా భార్య ఇంటికి పరిగెత్తింది, మామగారికి చెప్పడానికి. మామగారు వింటారా? నా నోట్లోంచి వచ్చిన మాట ఆ ఇంట్లో ఎవరూ వినరు. నన్ను వాళ్ళు హంతకుడు అంటున్నారు, అనుకోనివ్వండి. కానీ హంతకుడు చెప్పాడు కాబట్టి అతను ఆసుపత్రికి పోవడం లేదు. నాకు భయంగా ఉంది. ఇంతకంటే వేరే మాట తెలియదు. ఆ దగ్గు నేను విన్నాను. పోయిన వారం అదే దగ్గు బండి మీద నా వీపు వెనక విన్నాను.

పదిగంటలకు ఎస్సై గారిని అడిగాను. ఒక మనిషిని పంపండి అన్నాను. డాక్టరమ్మకు ఫోను చేయమన్నాను. ఎస్సై గారు చేశారు, కాదనను. ఆవిడ డ్యూటీలో లేదు, సాయంత్రం వస్తుందన్నారు. ఫోనులో ఉన్న డాక్టరు ఏ రిపోర్టూ రాకుండా ఏమీ చెప్పలేమన్నాడు. "ఎవరికో జ్వరం అని నువ్వు చెబితే పంపడానికి స్టేషన్ జీపు అంబులెన్సు కాదు కదయ్యా" అన్నారు ఎస్సై గారు. ఆయన తప్పేమీ లేదు. క్రిమికి కేసు ఉండదు. ఎఫ్ఐఆర్ ఉండదు. క్రిమి ఎక్కడికీ పారిపోదు కాబట్టి దాని కోసం ఎవరూ పరిగెత్తరు.

ఈ మాట దగ్గర రైటరు గారు కలం ఆపి చూశారు. గోడ గడియారం పదకొండు నలభై చూపిస్తోంది. ఇందాక మళ్ళీ అడిగాను, మనిషిని పంపండి అని. "నువ్వు మాటిమాటికీ అదే అడిగితే వాంగ్మూలం ఎప్పటికి పూర్తవుతుంది?" అన్నారు.

అయితే పూర్తి చేస్తాను. రాసుకోండి.

బుధవారం సాయంత్రం మా పెద్దల్లుడికిచ్చిన పాలల్లో నేను విషం కలిపాను. శనివారం సాయంత్రం ఆసుపత్రి వరండాలో మా బావమరిదికి ఇచ్చిన టీలో కూడా అదే కలిపాను. అది నెమ్మదిగా ఎక్కే విషం. పెద్దల్లుడికి అప్పటికే పొగ జ్వరం ఉంది కాబట్టి తొందరగా ఎక్కింది, బాగున్నవాడికి రెండు రోజులకు జ్వరంలా మొదలవుతుంది. నిన్న సాయంత్రం అతనికి మొదలైంది. ఇప్పుడు అతను ఐస్ ఫ్యాక్టరీ వెనక ట్యాంకులో ఉన్నాడు. వెంటనే తీసుకెళితే బతుకుతాడు. ఆలస్యం చేస్తే నా మీద రెండో హత్య కేసు పడుతుంది, దానికి మీరు సాక్షులు.

ఏం విషం, ఎక్కడ కొన్నావు అని ఎస్సై గారు అడిగారు. పేరు నాకు తెలియదు, పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మకు తెలుసు, ఇంటి నుంచైనా ఆవిణ్ణి పిలిపించండి, అతన్ని ఆవిడ ముందు పడుకోబెట్టండి అన్నాను. "ఈ మాటకు అర్థం తెలుసా నీకు? ఉరి దాకా పోతుంది" అన్నారు. తెలుసన్నాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశారు. తర్వాత లేచి వరండాలోకి వెళ్ళి డ్రైవర్ని కేకేశారు. కానిస్టేబుళ్ళు ఇద్దరు జీపెక్కారు. అతను రానంటే మోసుకు రండి, చొక్కా పట్టుకునైనా పైకి లాగండి అని నేను కిటికీలోంచి అరిచాను. లోపలికి దిగేవాళ్ళు ముక్కుకు తడి గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకోండి అని కూడా అరిచాను. విన్నారో లేదో తెలియదు.

రైటరు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒక్క ముక్క తప్ప మిగిలినదంతా నేను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది, నా చేతులతో చేసింది. ఆ ఒక్క ముక్క ఏదో, మా బావమరిదికి ఆసుపత్రిలో మందు ఎక్కించడం మొదలుపెట్టారని ఫోను వచ్చాక నేనే చెబుతాను. అంతవరకు దాన్ని కొట్టివేయవద్దని ఎస్సై గారిని వేడుకుంటూ, నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం)